అర జోడి

వనపర్తి
9 జులై 2024

రేఖా,

మీ అమ్మ నాకొక మాట ఇచ్చింది. ఇరవై ఆరేళ్ల కింద నాగర్‌కర్నూల్ కోర్టు వరండాలో నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "అన్నా, చూసింది చూసినట్టు చెప్త" అంది. గంట తిరగకముందే బోనెక్కి, వకీలు ఏం అడిగినా "నాకు తెల్వదు సారూ" అంది. ఆరుసార్లు అంది. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. మీ నాయనను కొట్టి చంపిన మేస్త్రీ తిరుపతయ్య ఆ సాయంత్రం జిలేబీ పొట్లం పట్టుకొని కోర్టు మెట్లు దిగాడు. ఆ రోజు నుంచి నేను సత్యమ్మతో మాట్లాడలేదు. ఒక కడుపున పుట్టినంత మాత్రాన మాట తప్పిన మనిషి వేరే మనిషి అయిపోదు.

నువ్వు అడిగింది ఇది కాదని తెలుసు. నువ్వూ నీ మొగుడు శేఖరూ గద్వాల బస్టాండు వెనక షట్టర్ కిరాయికి తీసుకున్నారనీ, మల్దకల్ వైపు సీడు పత్తి చేలకు కూలీలను పంపుతున్నారనీ, నలభై ఆరు మంది, రెండు ఆటోలు, నోటి లెక్క ఇక సాగదనీ రాశావు. లెక్కలకు ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోమంటావు మామా, నువ్వు మున్షీ పని చేసినవాడివి కదా అన్నావు. ఫోన్ చేయకుండా ఉత్తరం రాసి మంచి పని చేశావు. నా ఎడమ చెవి మీ నాయన పోయిన రోజే పోయింది. కుడిది ముసలితనం తీసుకుంది.

నాకు కంప్యూటర్ ముట్టుకోవడం రాదు. కానీ ఇక్కడి గ్రంథాలయంలో దాని గురించి వచ్చిన ప్రతి పత్రికా చదివాను. అక్కడి లైబ్రేరియన్ కంటే ఎక్కువ చదివాను. ఆ సంగతి అతనికీ తెలుసు కాబట్టే నేను కూర్చోగానే ఫ్యాను ఆపేస్తాడు.

షాపువాడు ఎన్ని రంగులు చూపించినా చూడకు. ధర తర్వాత అడుగు. ముందు ఒకటే అడుగు: రాసింది చెరిపితే, చెరిపిన సంగతి కనిపిస్తుందా? కనిపించదంటే అక్కడి నుంచి లేచి రా. ఒక్కో మనిషికి ఒక్కో ఖాతా ఉండాలి. అది ఆ మనిషి కూడా చూసుకోగలగాలి. ఏదో ఒకటి తేలేదాకా, ఈ ఉత్తరంతో పంపుతున్న పొడుగు పుస్తకంలో పెన్నుతో రాయి. పెన్సిల్ పట్టుకున్నావని తెలిస్తే వచ్చి వేళ్లు విరగ్గొడతాను.

మీ మామ,
ఆశీర్వాదం


గద్వాల
2 ఆగస్టు 2024

మామా,

పుస్తకం అందింది. శేఖర్ దాన్ని చేత్తో ఊపి చూసి, "మీ మామ లెక్కలకు పంపిండా, కొట్లాటకు పంపిండా? గీ అట్టతోని ఒక్కటిస్తే మనిషి లేస్తడా?" అన్నాడు.

కంప్యూటర్ షాపాయన మూడు చూపించాడు. మొదటిది పెద్దది. జీఎస్టీ, సరుకు నిల్వ, బ్యాంకు లెక్క అన్నీ ఉన్నాయి. ఏడాదికోసారి కట్టాలి, నేర్చుకున్న మనిషిని జీతానికి పెట్టుకోవాలి. మన షట్టర్‌లో ఆ మనిషి కూర్చుంటే నేను బయట నిలబడాలి. రెండోది నెలకింతని కట్టేది. మనిషికొక ఖాతా. హాజరు పడగానే ఆ మనిషి ఫోన్‌కు మెసేజ్ పోతుంది. ఏదైనా మారిస్తే ఎవరు మార్చారో, అంతకుముందు ఏముండేదో కింద ఎర్రగా నిలుస్తుంది. మూడోది ఫోన్లో ఉచితం. మొత్తం తెలుగులో ఉంది. లైను మీద వేలు పెట్టి పక్కకు లాగితే మాయం, మరక కూడా ఉండదు.

నువ్వు అడగమన్నది అడిగాను. ఆయన నవ్వాడు. "గది కంపెనీలకమ్మా. వాళ్లకు సర్కారు రూలు పెట్టింది. మీ అసొంటోళ్లకు ఏం పని? తప్పు పడితే తుడుస్తరు, అయిపాయె."

నాకు రెండోదే నచ్చింది. శేఖర్ ఒప్పుకోలేదు. "నెలనెలా పైసలు కట్టి మన తప్పులు మనమే దాసిపెట్టుకోవాల్నా? నీకేమన్న పిచ్చా?" అన్నాడు. ఉచితమైనదే ఎక్కించాం. నలభై ఆరు ఖాతాలు కూడా వద్దన్నాడు. అందరూ మొగుడూ పెళ్లాం కలిసి సీజన్‌కు అడ్వాన్సు తీసుకున్నవాళ్లే కదా, "జోడీలు రాయి, ఇరవై మూడు లైన్లు, సల్లగుంటది" అన్నాడు. ఆడవాళ్లు మొగ్గ గిల్లి పుప్పొడి అద్దుతారు, మగవాళ్లు మందు కొడతారు, మోతలు మోస్తారు. ఖాతా మాత్రం మొగుడి పేరు మీదే.

జంగమ్మ అని ఒకామె ఉంది. రోజుకు ఆమె అద్దినన్ని పూలు ఇంకెవరూ అద్దరు. ఫోన్ చూపిస్తే, "నా పేరేదమ్మా?" అంది. "కిష్టయ్య జోడి అని ఉంది గదా, నీ మొగుని పేర్ల ఉన్నవ్ తియ్" అన్నాడు శేఖర్. "గట్లనా? ఆయన తాగొస్తే నాగ్గూడ ఎక్కుతదా అయితే?" అంది. ఆటోలో ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు.

నీ పుస్తకంలో కూడా రోజూ రాస్తున్నాను, పెన్నుతో, విడివిడి పేర్లతో. శేఖర్ దాని సంగతి మరిచిపోయాడు.

ఒకటి అడుగుతాను. నాయనను మేస్త్రీ కొట్టి చంపాడని తప్ప అమ్మ ఇంకేమీ చెప్పదు. అడిగితే లేచి గిన్నెలు తోముతుంది. నువ్వు చెప్పు.

రేఖ


వనపర్తి
11 ఆగస్టు 2024

రేఖా,

జోడి అనే మాట చదివి రెండు రోజులు అన్నం తినలేదు. అడిగావు కాబట్టి చెబుతాను. గట్టిగా కూర్చొని చదువు.

తిరుపతయ్య గుంపులో అరవై జోడీలు. కర్ణాటకలో కాలువ తవ్వకం. నేను మున్షీని. నువ్వు అక్కడే గోనెసంచుల గుడిసెలో పుట్టావు. మీ అమ్మ ముప్ఫై ఎనిమిది రోజులు పనికి పోలేదు. మీ నాయన ఒక్కరోజు కూడా మానలేదు. ఇద్దరు తీయాల్సిన మట్టి ఒక్కడే తీశాడు. ఆ ముప్ఫై ఎనిమిది రోజులూ పుస్తకంలో 'అర జోడి' అని రాశాను. తిరుపతయ్య పద్ధతి వేరు. జోడి తెగితే హాజరు లేదు. ఒకరు రాకపోతే వచ్చినవాడూ రానట్టే.

సీజన్ అయ్యాక లారీల్లో బిజినేపల్లిలో అతని దొడ్డికి వచ్చాం. కూలి లెక్క తేల్చే హిసాబు అక్కడే. పుస్తకం చదివారు. మీ నాయన యేసయ్య జోడి దగ్గర ముప్ఫై ఎనిమిది గడులు ఖాళీ. పుస్తకం మార్చేశారు. మీ నాయనకు చదువు రాదు. కానీ కండువా అంచుకు రోజుకొక ముడి వేసుకున్నాడు. ఆ కండువా తిరుపతయ్య ముందు పరిచి, "లెక్కవెట్టు మేస్త్రీ. నా పెండ్లాం పండుకున్నది, నేను పండుకున్ననా?" అన్నాడు.

తిరుపతయ్య ఆ కండువానే ఎత్తి మీ నాయన మెడకు వేసి మెలిపెట్టాడు. ఇద్దరు మనుషులు కాళ్ల మీద నిలబడ్డారు. పార కట్టె మొదటి దెబ్బ మోకాలి మీద. రెండోది పక్కటెముకల మీద. పచ్చి కొమ్మ విరిచినట్టు వినిపించింది. మూడోది, నాలుగోది ఎక్కడ పడ్డాయో తెలియదు, అప్పటికే అతను ముడుచుకున్నాడు. అయిదోది నెత్తి మీద. ఆ తర్వాత కొట్టినవన్నీ శవాన్ని కొట్టినవే, అయినా కొట్టాడు. మీ అమ్మ పది అడుగుల దూరంలో నిన్ను ఒళ్లో పెట్టుకొని ఉంది. నీ నుదుటి మీద రెండు చుక్కలు పడ్డాయి. నువ్వు పాలకోసం ఏడుస్తూనే ఉన్నావు. ఆ తర్వాత ఒక దెబ్బ నా చెవి మీద పడింది. నాకు ఇంకేమీ వినపడలేదు.

తిరుపతయ్య మూడేళ్ల కింద చచ్చాడు. తెల్ల దుప్పటి మీద, మనవళ్ల మధ్య, నిద్రలో. ఆ శవం మీద ఉమ్మాలని బస్సెక్కి పోయాను. తీరా నిలబడితే నోరు ఎండిపోయింది.

జోడీలు తీసెయ్యి. ఇవాళే తీసెయ్యి.

ఆశీర్వాదం


గద్వాల
26 సెప్టెంబరు 2024

మామా,

నువ్వు చెప్పినప్పుడే తీయాల్సింది. సీజన్ మధ్యలో ఖాతాలు మారిస్తే గందరగోళం అవుతుందని శేఖర్ అంటే ఊరుకున్నాను.

కిష్టయ్య ట్రాక్టర్ మీద నుంచి పడి పద్నాలుగు రోజులు ఇంట్లో ఉన్నాడు. జంగమ్మ ఆ పద్నాలుగు రోజులూ వచ్చింది. నా పుస్తకంలో ఉంది. ఫోన్లో మాత్రం శేఖర్ జోడి మొత్తాన్నీ పక్కకు లాగేశాడు. పనికి రాని రోజులకు కూడా అడ్వాన్సు తిన్నది కిష్టయ్యే కదా, ఇద్దరిదీ ఒకటే ఖాతా కదా అన్నాడు.

శనివారం హిసాబు. జంగమ్మ అందరి ముందూ చేతులు చాపింది. వేళ్లన్నీ పుప్పొడి పసుపు. "గీ చేతులకు గూడ జవాబు చెప్పు తమ్మీ. గివి ఎవరి రోజులు?" అంది. శేఖర్ ఫోన్ ఆమె ముఖానికి పెట్టి, "గిండ్ల లేవు. లేనియి నేనేడికెల్లి తేవాలె?" అన్నాడు. కిష్టయ్య కుంటుకుంటూ వచ్చి శేఖర్ కాలర్ పట్టుకున్నాడు. ఒక్కటి కొట్టాడు, కాదనను. శేఖర్ ఆటోలో నుంచి జాకీ రాడ్డు తీశాడు. మామా, నేను అరుస్తూనే ఉన్నాను. కుంటి కాలు మీదే కొట్టాడు. పడ్డాక తల మీద కొట్టాడు. రాడ్డు పైకి లేచినప్పుడు దానికి వెంట్రుకలు అంటుకొని ఉన్నాయి. మా మూడేళ్ల మనీషా షట్టర్‌లో బిస్కెట్ తింటూ చూసింది.

ఇక్కడి దవాఖానలో చూసి కర్నూలు తీసుకుపొమ్మన్నారు. ఇంకా కళ్లు తెరవలేదు.

కిష్టయ్య తాగి కొడవలి పట్టుకొని వచ్చాడనీ, రాని రోజులకు పైసలు అడిగాడనీ పోలీసులకు చెప్పాడు శేఖర్. ఫోన్ చూపించాడు. ఫోన్లో తుడిచిన మరక లేదు. ఎస్సై నన్ను సోమవారం రమ్మన్నాడు. ఇంటికి రాగానే శేఖర్, "మీ మామ పుస్తకం ఏడవెట్టినవే? తియ్. కాలవెడ్త" అన్నాడు. లేదన్నాను. కుడిచెయ్యి తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. రెండు వేళ్ల ఎముకలు పోయాయి. ఈ అక్షరాలు అందుకే ఇట్లా ఉన్నాయి.

పెన్సిల్ పట్టుకుంటే విరగ్గొడతానన్నావు. పెన్ను పట్టుకున్నందుకు విరిగాయి.

పుస్తకం బియ్యం డబ్బా అడుగున ఉంది. అతను జైలుకు పోతే ఈ ఆటోల కిస్తీలు, మనీషా, నేను, ఏమవుతాం? ఏం చేయాలో చెప్పు. బస్సు పార్సిల్లో వేస్తున్నాను, రేపే అందుతుంది.

రేఖ


వనపర్తి
27 సెప్టెంబరు 2024

రేఖా,

ఎక్కువ రాయను. ఇదీ బస్సులోనే వేస్తున్నాను.

సోమవారం దాకా ఆగకు. పుస్తకం బియ్యంలో నుంచి తీసి, పిల్లను చంకనేసుకొని, విరిగిన చెయ్యి అందరికీ కనపడేట్టు పెట్టుకొని స్టేషన్‌కు పో. ఎస్సై చేతిలో పెట్టేముందు ప్రతి పేజీ జంగమ్మ ముందు ఫొటో తీయి. ఇచ్చినట్టు కాగితం రాయించుకో. శేఖర్ అడ్డం వస్తే రోడ్డు మీద అరువు. కూలీలందరూ వినేట్టు అరువు.

నీ మొగుడు కొట్టింది రాడ్డుతో కాదు. ముందు వేలితో కొట్టాడు, లైను పక్కకు లాగినప్పుడు. రాడ్డు తర్వాత వచ్చింది. తిరుపతయ్యకూ అంతే. ఇది నేను అరవై ఏళ్లు చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత తేటగా లేదు.

ఏమవుతావని అడిగావు. బతుకుతావు. మీ అమ్మలాగా నోరు మూసుకుంటే మాత్రం బతకవు.

ఆశీర్వాదం


బిజినేపల్లి
14 అక్టోబరు 2024

ఆశీర్వాదం మామకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇరవై ఎనిమిదో తారీఖు పుస్తకం ఇచ్చాను. కిష్టయ్య ఈ నెల నాలుగున కర్నూలులో పోయాడు. శేఖర్‌ను తీసుకుపోయారు. మరుసటి రోజు కిష్టయ్య వాళ్లు వచ్చి రెండు ఆటోల అద్దాలూ పగలగొట్టారు. ఒక రాయి నా భుజానికి తగిలింది. జంగమ్మ వాళ్లను తోసుకొని వచ్చి నా ముఖాన ఉమ్మింది. తర్వాత అక్కడే కూలబడి, "రేపు పని ఉన్నదా? ఇంట్ల ఏం లేవు" అంది.

ఉచితమైనది తీసేశాను. చెరిపితే ఎర్రగా నిలిచేది తీసుకున్నాను. నలభై అయిదు ఖాతాలు తెరిచాను. మొదటిది జంగమ్మది. ఆమె పద్నాలుగు రోజులూ ఎక్కించాను. చేతిలో ఫోన్ మోగితే ఆమె చదవలేక నాకే చూపించింది. "నా పేరేనా?" అంది. అవునన్నాను.

ఇదంతా అమ్మకు చెబుదామని ఇక్కడికి వచ్చాను. పుస్తకం నేనే ఇచ్చానని వినగానే చెంప మీద కొట్టింది.

"మొగుణ్ని పట్టిస్తవానే? నేను అన్నను కాపాడుకున్న, నువ్వు మొగుణ్ని కాపాడుకోలేకపోయినవా?"

"ఏ అన్నను?" అన్నాను.

"నాకు ఎంతమంది అన్నలున్నరే? గా రెండో పుస్తకం ఎవరు రాసిండ్రనుకున్నవ్? తిరుపతయ్యకు సంతకమే రాకపోవు. కోర్టుల కట్టె గురించి చెప్తే పుస్తకం గురించి అడుగుతరు. పుస్తకం గురించి చెప్తే వీడూ పోతడు. మొగుడు పోయె. అన్న గూడ పోతే చంటిపిల్లను పట్టుకొని నేనేడ సావాలె?"

మామా, నువ్వు ఉత్తరంలో 'పుస్తకం మార్చేశారు' అని రాశావు. ఎవరు మార్చారో రాయలేదు. నాయన ముప్ఫై ఎనిమిది రోజులు నీ చేతితోనే పోయాయి. నీ పుస్తకం నువ్వు దాచుకొని, నా పుస్తకం నాతో ఇప్పించావు. నా మొగుడు జైల్లో ఉన్నాడు. నా బిడ్డ 'నాయన ఏడి' అని రోజూ అడుగుతోంది. నేను చేసింది తప్పో ఒప్పో చెప్పే అర్హత నీకుందా? ఎందుకు పంపించావు నన్ను?

రేఖ


నాగర్‌కర్నూల్ బస్టాండు
3 నవంబరు 2024

రేఖా,

మీ అమ్మ చెప్పింది నిజం. ఒక మధ్యాహ్నం, కాలువ గట్టు మీద, వంట గుడిసె నీడలో కూర్చొని ఆ రెండో పుస్తకం నేనే రాశాను. మూడు గంటలు పట్టింది. వనపర్తి రైసు మిల్లులో గుమాస్తా పని ఇప్పిస్తానన్నాడు తిరుపతయ్య. ఇప్పించాడు. అతను మాట తప్పలేదు. ఇరవై ఏళ్లు చేశాను. మీ ఇంటికి నెలనెలా వచ్చిన బియ్యం ఆ మిల్లువే. నువ్వు తిని పెరిగింది అదే.

మొదటి పుస్తకం తగలబెట్టమన్నాడు. అది మాత్రం చేయలేదు. ట్రంకు పెట్టెలో ఉంచాను. ధైర్యం ఉండి కాదు. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు వచ్చి పెట్టె పగలగొట్టి దాన్ని బయటికి లాగుతారని ఉంచాను. ఎవరూ రాలేదు.

ఇవాళ దాన్ని పట్టుకొని ఇక్కడి స్టేషన్‌కు వచ్చాను. ఎస్సైకి నీ వయసు ఉంటుంది. మర్యాదగా పేజీలు తిప్పాడు. నా చెవి దగ్గరికి వంగి గట్టిగా, "తాతా, మేస్త్రీ సచ్చిండంటివి. కేసు కొట్టేసిండ్రంటివి. ఇగ ఎవర్ని పట్టుకోవాలె?" అన్నాడు. "నన్ను" అన్నాను. చాయ్ తెప్పించాడు. గ్లాసు విసిరి గోడకు కొట్టాను. అప్పుడైనా లోపల వేస్తారనుకున్నాను. కానిస్టేబుల్ గాజు పెంకులు ఊడ్చి, నా చెయ్యి పట్టుకొని బస్టాండు దాకా దింపి పోయాడు.

నిన్ను ఎందుకు పంపించానని అడిగావు. నీకు చెప్పనిది ఇంకొకటి ఉంది. నా చెవి మీద పడిన దెబ్బ తిరుపతయ్యది కాదు. మీ నాయన ఊపిరి ఆగిపోయాక మీ అమ్మ నిన్ను నేల మీద పడుకోబెట్టింది. తిరుపతయ్య పారేసిన కట్టె, తడిగా ఉన్న కట్టె, రెండు చేతులా ఎత్తింది. అతని వైపు పోలేదు. నా వైపు వచ్చింది. ఆ పుస్తకంలోవి ఎవరి అక్షరాలో ఆమెకు చదువు లేకపోయినా తెలుసు. ఒక్కటి కొట్టింది. లోపల ఏదో పగిలి వెచ్చగా మెడ మీదికి కారింది. కట్టె మళ్లీ ఎత్తింది. నేను తల వంచాను. నాకది కావాలి. అప్పుడు నువ్వు గట్టిగా ఏడ్చినట్టున్నావు. నాకు వినపడలేదు, ఆమె నీ వైపు తిరగడం చూశాను. కట్టె దించి నిన్ను ఎత్తుకుంది.

కోర్టులో ఆ కట్టె మళ్లీ ఎత్తుతానని మాట ఇచ్చింది. నేనే అడిగాను. నా నోటితో చెప్పలేను కాబట్టి ఆమె నోటితో చెప్పించుకోవాలనుకున్నాను. తిరుపతయ్యతో పాటు నా పేరూ వస్తుందని వరండాలో ఇద్దరికీ తెలుసు. బోనెక్కాక నా ముఖం చూసింది. మళ్లీ దించేసింది. ఆరుసార్లు దించేసింది.

ఆమె చెప్పి ఉంటే నాకు ఏడేళ్లో పదేళ్లో వేసేవాళ్లు. ఇంటికి వచ్చి, యేసయ్య పేరు పైకి అనగలిగేవాణ్ని. దానికి బదులు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో చెల్లెలు ఉండగా ఒక గదిలో లోకంలోని పుస్తకాలన్నీ చదువుతూ ముసలివాణ్నయ్యాను. చదివిన ప్రతి పుస్తకంలో ఎవడో ఒకడు తన శిక్ష తాను అనుభవిస్తాడు. వాళ్లందర్నీ చూసి కుళ్లుకున్నాను.

శేఖర్ బయటికి వస్తాడు. వచ్చినప్పుడు అతని లెక్క తీరి ఉంటుంది. నీ బిడ్డ ముఖం చూడగలుగుతాడు. చూడలేకపోతే అది అతని ఖర్మ, నీది కాదు. మీ అమ్మ నన్ను కొట్టకుండా దించేసిన రెండో దెబ్బ, నువ్వు శేఖర్‌ను కొట్టావు. నీకు ఆ అర్హత నేను ఇచ్చింది కాదు, నీ వేళ్లతో తెచ్చుకున్నావు.

మొదటి పుస్తకం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఇంకో మూడు ఖాతాలు తెరువు. యేసయ్యకు ముప్ఫై ఎనిమిది రోజులు, పూర్తివి రాయి, అర కాదు. నా పేరు మీద, చెరిపినవాడు అని రాయి. అది ఎర్రగా నిలుస్తుందన్నావు కదా, నిలవనీ.

తిరుపతయ్య చచ్చాడు. నన్ను నేను తిట్టుకొని తిట్టుకొని ఆ తిట్లు అరిగిపోయాయి. మిగిలింది ఒక్క బాకీ. మూడో ఖాతాలో అదే రాయి: ఆశీర్వాదానికి రావలసింది ఒక దెబ్బ. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇవ్వనిది సత్యమ్మ.